ఐలాండ్ డిలీట్ కొట్టే ముందు ఇది చదవండి: మళ్ళీ మళ్ళీ మొదటికి రాకుండా ఆడటం ఎలా

యానిమల్ క్రాసింగ్ అనే గేమ్‌లో మనకొక ఐలాండ్ ఇస్తారు, దాని మీద కట్టుకున్న ఊరు బాగానే నడుస్తుంటది, మ్యూజియం సగం పైన నిండింది, పది మంది జనం సెటిల్ అయ్యారు, ఇంటి లోన్ కూడా తీరిపోవచ్చింది, ఇంతలో ఒకరోజు సాయంత్రం మ్యూజియం గుమ్మం, దానికి ఎదురుగా కట్టిన మెట్లు ఒకే లైన్లో లేవని కంట్లో పడుద్ది. అర గడి తేడా. నిన్నటిదాకా అది అక్కడే ఉంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, కానీ ఒకసారి కంట్లో పడ్డాక ఇంక అదే కనిపిస్తది. మర్నాటికి నది కూడా వంకరగా పోతోంది అనిపిస్తది, ఆ మర్నాటికి ఊరి పేరే బాలేదు అనిపిస్తది, వారం తిరిగేసరికి మీరు స్విచ్ (ఈ గేమ్ ఆడే నింటెండో మెషిన్) సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సేవ్ డేటా డిలీట్ మీద వేలు పెట్టుకుని కూర్చుని ఉంటారు.

మనుషుల్ని తయారుచేసి వాళ్ళ బతుకు నడిపే గేమ్ సిమ్స్ 4, అది ఆడేవాళ్ళది ఇంకో రకం. మొహం చేయడానికి ఒక పూట, ఇల్లు కట్టడానికి రెండు రోజులు, ఆడేది పావుగంట, మళ్ళీ న్యూ గేమ్. పొలం చేసుకునే గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ వాళ్ళేమో మొదటి స్ప్రింగ్‌లో ఒక పండగ మిస్సయితే చాలు, పొలం మొత్తం తీసేసి కొత్త పొలం. పేర్లు వేరు, జబ్బు ఒకటే.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తా. మళ్ళీ మొదలుపెట్టడం తప్పేం కాదు. ఈ గేమ్స్‌లో మొదటి కొన్ని గంటలే అన్నిటికన్నా శ్రద్ధగా చేసి పెట్టిన భాగం, కాసేపటికోసారి కొత్త పనిముట్టు, కొత్త మనిషి, కొత్త షాపు వస్తానే ఉంటాయి. మధ్యలోకి వచ్చేసరికి మన చేతిలో పెట్టేవాళ్ళు ఉండరు, ఇక్కణ్ణించి ఏం చేయాలో మనమే తేల్చుకోవాలి, అక్కడే చాలామందికి చేతులు ఆడవు. ఆ ఖాళీ నుంచి తప్పించుకోడానికి రీస్టార్ట్ కొడతారు, నింద మాత్రం మ్యూజియం గుమ్మం మీద వేస్తారు. అందుకని కింద చెప్పిన స్టెప్స్ అన్నీ ఒక్క సంగతి తేల్చుకోడానికే: మీకు నిజంగా కొత్త మొదలు కావాలా, లేక మధ్యలో ఏం చేయాలో తోచట్లేదా.

స్టెప్ 1: ముందు కాపీ, తర్వాతే ఆలోచన

సిమ్స్ 4లో అయితే సేవ్ యాజ్ కొట్టి వేరే పేరు పెట్టండి, అయిపోయింది. ఇంకా భయంగా ఉంటే డాక్యుమెంట్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఫోల్డర్, దాన్లో ద సిమ్స్ 4, దాన్లో సేవ్స్, ఆ ఫోల్డర్ మొత్తం ఎత్తి పెన్ డ్రైవ్‌లో పడేయండి. గేమ్ కూడా పాత కాపీలు ఐదు దాకా దాచుకుంటది, లోడ్ గేమ్‌లోకి వెళ్తే రికవర్ చేసుకునే ఆప్షన్ కనిపిస్తది, చాలామందికి అది ఉందనే తెలీదు. స్టార్‌డ్యూ కంప్యూటర్‌లో ఆడుతుంటే ఆప్‌డేటాలో స్టార్‌డ్యూ వ్యాలీ ఫోల్డర్, దాన్లో సేవ్స్, మీ రైతు పేరుతో ఉన్న ఫోల్డర్ కాపీ చేసుకోండి.

చిక్కంతా యానిమల్ క్రాసింగ్‌తోనే, అంటే స్విచ్‌లో వచ్చిన న్యూ హొరైజన్స్‌తో. ఒక స్విచ్‌కి ఒకటే ఐలాండ్, అకౌంట్లు ఎన్నున్నా సరే. మామూలు క్లౌడ్ సేవ్ ఈ గేమ్‌కి పనిచేయదు, ఐలాండ్ బ్యాకప్ అని వేరేగా ఒకటి పెట్టారు గానీ అది స్విచ్ పోయినప్పుడో పాడైనప్పుడో వాడుకోడానికి, మనసు మారినప్పుడు వెనక్కి రావడానికి కాదు. పైగా అదే స్విచ్‌లో మీ తమ్ముడో చెల్లో కూడా ఇల్లు కట్టుకుని ఉంటే మీ డిలీట్‌తో వాళ్ళ ఇల్లు కూడా పోద్ది. అడగకుండా నొక్కితే ఆ రాత్రి ఇంట్లో భోజనాలు ప్రశాంతంగా జరగవు, అది మాత్రం గ్యారంటీ.

నొక్కే ముందు మ్యూజియంలోకి ఒక రౌండ్ వేసి రండి. అక్కడ 80 చేపలు, 80 పురుగులు, 40 సముద్రపు జీవులు, 73 శిలాజ ముక్కలు, 43 కళాఖండాలు నిండాలి. వాటిలో ఎన్ని మీవో చూసుకోండి, ముఖ్యంగా సీజన్ బట్టి దొరికేవి. ఉత్తరార్ధగోళం పెట్టుకున్నవాళ్ళకి స్ట్రింగ్‌ఫిష్ డిసెంబర్ నుంచి మార్చి దాకానే పడుద్ది. మీరు ఏప్రిల్‌లో డిలీట్ కొడితే దాని మొహం మళ్ళీ చూడ్డానికి చలికాలం దాకా ఆగాలి, లేదా స్విచ్ గడియారం తిప్పి దొంగదారిన పోవాలి.

ఇక్కడ ఒక పిట్టకథ. పాత యానిమల్ క్రాసింగ్ గేమ్స్‌లో సేవ్ చేయకుండా ఆపేస్తే మిస్టర్ రెసెట్టి అని ఒక ఎలుక లాంటి జీవి, మోల్ అంటారు, నేలలోంచి పైకొచ్చి చెడామడా తిట్టేవాడు, వదలకుండా తిట్టేవాడు. తర్వాత వచ్చిన న్యూ లీఫ్‌లో ఆయన ఆఫీసు మీకు కావాలంటేనే కట్టించుకునేలా మార్చారు. న్యూ హొరైజన్స్‌లో గేమ్ తనే సేవ్ చేసుకుంటది కాబట్టి పాపం ఆయనకి ఆ తిట్టే పని లేకుండా పోయింది. 2026 జనవరిలో వచ్చిన 3.0 అప్‌డేట్‌లో కొత్త ఉద్యోగం దొరికింది, ఏంటంటే ఐలాండ్‌లో మీరు చెప్పిన చోట సామాను మొత్తం సర్ది ఖాళీ చేసి పెట్టడం. రీసెట్ చేస్తే తిట్టే మనిషి ఇప్పుడు రీసెట్ చేయకుండా ఉండటానికి సాయం చేస్తున్నాడు. డిలీట్ కొట్టాలనిపించిన రోజు ముందు ఆయన్ని పిలవండి, నేల ఖాళీగా కనిపిస్తే చాలు సగం కోరిక తీరిపోద్ది చాలామందికి.

స్టెప్ 2: ఏది నచ్చట్లేదో ఒక్క వాక్యంలో రాయండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి రాయండి. "ఏదో బాలేదు" అని రాస్తే చెల్లదు. "వైబ్ రావట్లేదు" కూడా చెల్లదు. "దుకాణం సముద్రానికి మరీ దగ్గరగా ఉంది", "కోళ్ళ గూడు దగ్గరకి వెళ్ళాలంటే పొలం మొత్తం చుట్టి రావాలి", "ఈ సిమ్‌కి ఇచ్చిన స్వభావాలు నాకు బోర్ కొట్టాయి", ఇలా ఒక వస్తువు, ఒక చోటు, ఒక కారణం ఉండాలి.

రాయలేకపోతున్నారా? అయితే సమస్య ఐలాండ్‌లో లేదు, మీకు ఆ గేమ్ కాస్త మొహం మొత్తింది, అంతే. వారం పది రోజులు వేరేది ఆడుకోండి. ఊరు ఎక్కడికీ పోదు.

రాశారా, అయితే తర్వాతి స్టెప్.

స్టెప్ 3: అది నిజంగా మార్చలేనిదేనా చూడండి

రీస్టార్ట్ కొట్టేవాళ్ళలో చాలామంది అక్కడికక్కడే సరిచేసుకోగలిగే దాని కోసం మొత్తం తగలబెట్టుకుంటారు. అందుకే ఇది కాస్త వివరంగా చెప్తా.

న్యూ హొరైజన్స్‌లో మార్చలేనివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊరి ఆఫీసు లాంటి రెసిడెంట్ సర్వీసెస్ భవనం, దాని ముందున్న ప్లాజా, విమానాశ్రయం ఉన్న చోటు, సముద్రంలో నది కలిసే చోట్లు, ఒడ్డు ఆకారం, మొదటిరోజు పెట్టిన ఊరి పేరు, ఏ అర్ధగోళం అన్నది, మీ ఊరి సొంత పండు. పండు గురించి బాధపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తది, పక్క ఐలాండ్ నుంచి తెచ్చి ఏ పండు కావాలంటే అది నాటుకోవచ్చు కదా. మిగతావి దాదాపు అన్నీ కదులుతాయి. ఐలాండ్‌కి మూడు స్టార్లు వచ్చి, కేకే స్లైడర్ అనే పాటగాడు వచ్చి పాట పాడి వెళ్ళాక ఐలాండ్ డిజైనర్ యాప్ వస్తది, నీళ్ళు మార్చే పర్మిట్‌కి 6,000 నూక్ మైల్స్ (గేమ్‌లో పనులు చేస్తే వచ్చే పాయింట్లు), కొండలు మార్చే పర్మిట్‌కి ఇంకో 6,000. ఊళ్ళో వాళ్ళ ఇల్లు గానీ మ్యూజియం గానీ కదపాలంటే 50,000 బెల్స్ (ఆ గేమ్‌లో డబ్బు), మీ ఇల్లయితే 30,000.

స్టార్‌డ్యూలో మీరు ఎంచుకున్న పొలం మ్యాప్ ఒక్కటే మారదు అనుకోండి. గూడు, కొట్టం, సైలో (గడ్డి దాచేది) అన్నీ వడ్రంగి రాబిన్ దగ్గరకెళ్ళి కదిపించుకోవచ్చు, పైసా తీసుకోదు, రోజు ఆగక్కర్లేదు, నిమిషంలో పని. మంగళవారం మాత్రం వెళ్ళకండి, షాపు మూసి ఉంటది. మొహం నచ్చలేదా, విజార్డ్ అనే మాంత్రికుడితో నాలుగు హార్ట్స్ (స్నేహం కొలత) తెచ్చుకుంటే ఆయన కింది గదిలో 500 గోల్డ్‌కి మార్చుకోవచ్చు. పెళ్ళి తప్పు మనిషితో అయ్యిందా, మేయర్ లూయిస్ ఇంట్లో ఒక పుస్తకం ఉంటది, 50,000 గోల్డ్ కట్టి సంతకం పెడితే మర్నాటికి విడాకులు. ఇంత చౌకగా, ఇంత తొందరగా ఏ కోర్టూ ఇవ్వదు.

సిమ్స్‌లో ఇంక చెప్పక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే చీట్ బాక్స్ వస్తది, మదర్‌లోడ్ అని కొడితే 50,000 సిమోలియన్స్ (సిమ్స్‌లో డబ్బు) వచ్చి పడతాయి, ఫుల్ ఎడిట్ మోడ్ చీట్ పెట్టుకుంటే మొహం నుంచి స్వభావం దాకా ఏదైనా మార్చుకోవచ్చు, ఇల్లు నచ్చకపోతే బుల్‌డోజ్. సేవ్ ఫైల్ పాడైతే తప్ప సిమ్స్‌లో మొత్తం మళ్ళీ మొదలుపెట్టాల్సిన సాంకేతిక కారణం ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మ్యూజియం మెట్ల సంగతికి వద్దాం, ఇది కాస్త దగ్గరగా చూడండి. మ్యూజియం వెడల్పు 7 గళ్ళు, గుమ్మం మధ్య గడికి ఎదురుగా ఉంటది. మెట్లు, అంటే ఇంక్లైన్, వెడల్పు 2 గళ్ళు. ఒకటి బేసి, ఒకటి సరి. 7 గళ్ళకి మధ్య అంటే ఒక గడి, 2 గళ్ళకి మధ్య అంటే రెండు గళ్ళ మధ్య గీత. ఎక్కడ పెట్టినా, ఎన్నిసార్లు పెట్టినా అర గడి తేడా ఉండి తీరుద్ది. ఐలాండ్ మొత్తం తుడిచేసి కొత్తది తెచ్చుకున్నా ఆ అర గడి మీ వెంటే వస్తది! చాలామంది దీని కోసమే 50,000 బెల్స్ పెట్టి మ్యూజియం అటొక గడి ఇటొక గడి జరుపుతూ కూర్చుంటారు.

మరి ఏం చేయాలి? తేడాని దాచొద్దు, పెంచండి. మెట్లని గుమ్మానికి రెండు మూడు గళ్ళు పక్కకి కావాలనే జరిపి, మధ్యలో దారిని ఒక వంపు తిప్పి, వంపు లోపల పూలమొక్కలు పెట్టండి. ముగ్గేసేటప్పుడు చెయ్యి జారి గీత పక్కకి పోతే వాకిలంతా మళ్ళీ కడగరు కదా, ఆ గీతనే ఒక ఆకుగా తిప్పేస్తారు, ఇదీ అంతే. అర గడి తేడా పొరపాటులా కనిపిస్తది, మూడు గళ్ళ తేడా డిజైన్‌లా కనిపిస్తది.

స్టెప్ 4: ఒక్క చదరం తీసుకోండి

మార్చాలని తేలింది సరే, కానీ ఊరంతా ఒకేసారి చదును చేయడం మొదలుపెట్టకండి. ఇల్లు కట్టి చూడు పెళ్ళి చేసి చూడు అన్నారు, ఊరు కట్టి చూడు అని కూడా చేర్చాల్సింది. ఐలాండ్ మొత్తం చదును చేసినవాళ్ళలో చాలామంది ఆ పచ్చటి బయలు చూసి, ఎక్కడ మొదలెట్టాలో తెలీక గేమే ఆపేస్తారు.

మ్యాప్ తెరిస్తే చదరాలుగా గీతలు కనిపిస్తాయి, ఒక్కో చదరం 16 గళ్ళు పొడవు 16 గళ్ళు వెడల్పు. వాటిలో ఒకటి ఎంచుకోండి. ఆ చదరం అయ్యేదాకా పక్కదాని జోలికి పోకూడదు. దాన్లో ఏం వస్తాయో ముందు కస్టమ్ డిజైన్‌తో నేల మీద గీసుకోండి, ఏదో ఒక ముదురు రంగు డిజైన్ ఒకటి చేసి పెట్టుకుంటే చాలు. మీ ఇల్లు 5 బై 4, ఊళ్ళో వాళ్ళ ఇల్లు 4 బై 4, బట్టల షాపు ఏబుల్ సిస్టర్స్ 5 బై 4, సామాన్ల షాపు నూక్స్ క్రానీ, మ్యూజియం రెండూ 7 బై 4. ఆ కొలతకి రంగు పరిచి, చుట్టూ మీ బొమ్మని నడిపించి చూడండి. మలుపు దగ్గర ఇరుక్కుంటోందా, వెనకాల చెట్టు కనిపిస్తోందా, కెమెరా అటు నుంచి తిరగదు కాబట్టి ఇంటి వెనక పెట్టినవి ఏవీ కనిపించవు అన్నది కూడా అప్పుడే తెలుస్తది. రెండ్రోజులు అలా నడిచాక కూడా నచ్చితేనే ఊరి వ్యవహారాలు చూసే టామ్ నూక్‌కి డబ్బులు కట్టండి. భవనాలు రోజుకి ఒకటే కదులుతాయి, ఈ సంగతి చాలామందికి చిరాకు, నాకైతే ఈ గేమ్ చేసిన మంచి పని ఇదేననిపిస్తది, రాత్రి పన్నెండుకి వచ్చిన ఐడియాకి పొద్దున్న దాకా ఆగాల్సి రావడం మంచిదే.

స్టార్‌డ్యూలో కూడా ఇంతే. పొలం మొత్తానికి ప్లాన్ గీయకండి, ఇంటి ముందు చోటు చూసుకోండి చాలు.

స్టెప్ 5: రీల్స్‌లో చూసినదాన్ని లెక్కగట్టి చూడండి

మీ ఊరు మీకు నచ్చకపోవడానికి సగం కారణం ఇంకొకరి ఊరు. ఆ వీడియోల్లో కనిపించేది ఒక మూల, అది కూడా ఒక్క కోణంలో, ఒక్క వెలుతురులో. వాళ్ళలో చాలామంది గడియారం ముందుకు తిప్పుకుంటూ కడతారు, రోజుకొక ఇల్లు రూల్ వాళ్ళకి అరగంటలో అయిపోద్ది. అది తప్పని కాదు, మీరు రోజూ రాత్రి భోజనం అయ్యాక అరగంట ఆడుతూ వాళ్ళతో పోల్చుకుంటే ఎట్లా అని.

చేయాల్సింది ఏంటంటే, మీ ఊళ్ళో మంచం మీద పడుకుని, కలలో వేరే ఊళ్ళకి తీసుకెళ్ళే లూనా దగ్గర డ్రీమ్ కోడ్ చెప్పి ఆ ఐలాండ్‌కి నిజంగా వెళ్ళండి. వీడియోలో లేని వైపు నడవండి. వెనక ఒడ్డుకి, ఉత్తరం వైపు కొండ చివరకి. చాలా ఊళ్ళలో అక్కడ సామాను కుప్పలు, సగం నాటిన పూలు, ఎక్కడ పెట్టాలో తెలీక వదిలేసిన సోఫాలు దొరుకుతాయి. అది చూశాక మనసు భలే తేలికవుద్ది. వస్తూ వస్తూ ఒక్క ఐడియా మాత్రం పట్టుకు రండి, ఒక కంచె మూల, ఒక దారి డిజైన్, అంతకంటే వద్దు. ఊరు మొత్తం కాపీ కొడదామనుకుంటే మాత్రం మీ నది వాళ్ళ నది కాదు, మీ ప్లాజా వాళ్ళ ప్లాజా ఉన్న చోట లేదు, మళ్ళీ కథ మొదటికొస్తది.

సిమ్స్‌లో ఇల్లు కట్టడం రాదని ఏడుస్తూ కూర్చునేవాళ్ళు గ్యాలరీ (మిగతా ఆటగాళ్ళు కట్టి పంచుకున్నవి ఉండే చోటు) నుంచి దించుకోండి, ఎవరూ ఏమనుకోరు, అది పెట్టిందే అందుకు.

స్టెప్ 6: లేని గడువుని మీరే పెట్టుకోకండి

ఇది ఎక్కువగా స్టార్‌డ్యూ జనానికి. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని నాలుగేళ్ళ పైన పట్టి చేసి 2016 ఫిబ్రవరిలో వదిలిన గేమ్ ఇది, హాయిగా పొలం చేసుకోమని. మనవాళ్ళు దాన్ని ఎంసెట్ చేసేశారు. స్ప్రింగ్ 13న ఎగ్ ఫెస్టివల్‌లో స్ట్రాబెర్రీ విత్తనాలు కొనాలి, ఒక్కోటి 100 గోల్డ్, ఆ రాత్రే నాటితే రెండు కోతలు వస్తాయి, 28తో సీజన్ అయిపోద్ది. చేతిలో డబ్బు లేక కొనలేకపోయారా, లేక పండగ సంగతే మర్చిపోయారా, వెంటనే కొత్త పొలం. ఎందుకు? ఏడాదికి నాలుగు సీజన్లు, 112 రోజులు, వచ్చే స్ప్రింగ్‌లో అదే పండగ, అవే విత్తనాలు.

"తాతయ్య మూడో ఏడాది మొదట్లో వచ్చి చూస్తాడుగా" అంటారు. వస్తాడు. ఈ పొలం మీకిచ్చి చనిపోయిన తాతయ్యే ఆత్మగా వచ్చి మార్కులేస్తాడు, 21 పాయింట్లకి 12 తెచ్చుకుంటే ఆయన గుడి దగ్గర నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతాయి, అంటే నూటికి అరవై కూడా అక్కర్లేదు. అది కూడా రాలేదనుకోండి, తాత గుడి దగ్గర ఒక వజ్రం పెడితే మళ్ళీ వచ్చి చూస్తాడు, ఐదో ఏడాదిలో పెట్టినా వస్తాడు. ఇంత ఓపిక ఉన్న పెద్దాయన మన చుట్టాల్లో ఒక్కరు కూడా లేరు.

రెడ్ క్యాబేజీ సంగతి కూడా. మొదటి ఏడాదిలోనే కమ్యూనిటీ సెంటర్ (అడిగిన వస్తువులు తెచ్చిచ్చి బాగుచేసే ఊరి పాత భవనం) పూర్తి చేయాలని కూర్చుంటారు, దానికి రెడ్ క్యాబేజీ కావాలి, ఊళ్ళో పియర్ అనే ఆయన షాపులో ఆ విత్తనం రెండో ఏడాది నుంచే అమ్ముతారు. బండి మీద వచ్చే ఆవిడ దగ్గర అదృష్టం ఉంటే దొరుకుద్ది, లేకపోతే లేదు. అంత పట్టుదల ఉంటే కొత్త పొలం పెట్టేటప్పుడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మొదటి ఏడాదిలో పూర్తవడం గ్యారంటీ చేసే టిక్ ఒకటి ఉంది, అది పెట్టుకోండి. లేదంటే ఆగండి.

రోజు చెడిపోయిందనుకోండి, గనిలో స్పృహ తప్పి డబ్బులు పోయాయి అనుకోండి, దానికి పొలం తీసేయక్కర్లేదు, స్టార్‌డ్యూ పడుకున్నప్పుడే సేవ్ అవుద్ది కాబట్టి పడుకోకముందే బయటికొచ్చేస్తే ఆ రోజు మళ్ళీ పొద్దున్నే ఆరింటికి మొదలవుద్ది. వాడుకోండి, కాకపోతే రోజూ వాడితే ఒకే సోమవారం తెల్లార్లూ ఆడుతూ కూర్చుంటారు.

అన్నట్టు ఈ గేమ్‌లో పర్ఫెక్షన్ అని నిజంగానే ఒక శాతం లెక్క ఉంది, జింజర్ ఐలాండ్‌లో చూపిస్తారు. దాని కోసం కొట్టుకునేవాళ్ళని చూసి జాలేసిందో ఏమో, 1.6 వెర్షన్‌లో ఫిజ్ అనేవాణ్ణి ఒకణ్ణి పెట్టారు, 5,00,000 గోల్డ్ ఇస్తే ఒక శాతం కలిపేస్తాడు. పర్ఫెక్షన్‌కి లంచం రేటు!

స్టెప్ 7: సిమ్స్ వాళ్ళకి, మొహం దగ్గరే ఆగిపోయేవాళ్ళకి

క్రియేట్ ఎ సిమ్ తెరిచి ముక్కు దగ్గర గంట, కనుబొమల దగ్గర గంట. ఆడటం మొదలయ్యాక ఆ ముక్కు మీకు కనిపించేది ఎంత? కెమెరా పైనుంచి ఉంటది, సిమ్ వెనక్కి తిరిగి కోడిగుడ్డు మాడబెట్టుకుంటూ ఉంటది.

ఫోన్‌లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టండి. మోగే సరికి పేరు, స్వభావాలు, ఒక జత బట్టలు అయ్యుండాలి. మిగతాది పాచికల బటన్ నొక్కి వదిలేయండి. ఒక్క సిమ్‌కి మొదట 20,000 సిమోలియన్స్ ఇస్తారు, దాంతో ముందే కట్టి ఉన్న చిన్న ఇల్లు కొనండి, కట్టొద్దు. ఆడటం మొదలెట్టాక ఈ మనిషికి ఏ గది కావాలో తెలుస్తది, అప్పుడు కట్టండి. వంట ఇష్టం లేని సిమ్‌కి అంత పెద్ద కిచెన్ కట్టేసి తర్వాత తిట్టుకోవడం ఎందుకు.

ఇక ఎప్పుడూ కొత్తది కావాలి అనిపించేవాళ్ళకి సిమ్స్‌లో ఉన్నంత మంచి మందు ఇంకెక్కడా లేదు, అది లెగసీ ఆట. ఒక మనిషితో మొదలుపెట్టి పది తరాలు అదే సేవ్‌లో నడపడం. తరం మారినప్పుడల్లా కొత్త మొహం, కావాలంటే కొత్త ఇల్లు, కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. మీకు కావాల్సిన కొత్త మొదలు మొత్తం దొరుకుద్ది, కానీ గోడ మీద ముత్తవ్వ ఫొటో ఉంటది, వంశవృక్షంలో ఆమె రెండో మొగుడి పేరు కూడా ఉంటది. ముసలివాళ్ళు పోతారు, మీరు డిలీట్ చేయలేదు, వాళ్ళ కాలం అయిపోయింది, ఆ తేడా ఆడితేనే తెలుస్తది. ముక్కు వంకరగా వచ్చిన బిడ్డని కూడా మార్చకుండా ఉంచండి, మూడో తరానికి అదే ఇంటి పోలిక అయిపోద్ది.

స్టెప్ 8: మొదలుపెట్టడమే ఇష్టమైతే దానికి వేరే చోటు పెట్టుకోండి

కొందరికి నిజంగానే మొదటి పది గంటలే ఇష్టం. పార్స్‌నిప్ విత్తనాలు పదిహేను పట్టుకుని రాళ్ళూ రప్పలూ ఏరుకునే ఆ మొదటి రోజులే ఇష్టం. మీరు అలాంటివారైతే సిగ్గుపడక్కర్లేదు. స్టార్‌డ్యూలో, సిమ్స్‌లో ఎన్ని సేవ్‌లైనా పెట్టుకోవచ్చు, ఒకటి అసలుది, ఇంకోటి ఆటలది. ఆటలదాన్ని ఎన్నిసార్లయినా తీసేసుకోండి, అసలుదాని మీద చెయ్యి వేయొద్దు.

యానిమల్ క్రాసింగ్‌లో ఒకటే ఐలాండ్ కదా అంటే, డబ్బులు పెట్టి కొనే హ్యాపీ హోమ్ ప్యారడైజ్ ఉంది, 2021 నవంబర్‌లో వచ్చింది, అక్కడ ఒకరి తర్వాత ఒకరికి సెలవుల ఇల్లు కట్టిస్తూ పోవడమే పని, ప్రతి ఇల్లూ కొత్త మొదలే. 3.0 అప్‌డేట్‌తో వచ్చిన స్లంబర్ ఐలాండ్స్ కూడా ఉన్నాయి, స్విచ్ ఆన్‌లైన్ కట్టేవాళ్ళకి, కలలో ఇంకో ఐలాండ్ కట్టుకోవచ్చు, అసలు ఊరు అలాగే ఉంటది.

స్టెప్ 9: ఇన్ని చేసినా మళ్ళీ మొదలుపెట్టాల్సిందే అనిపిస్తే

అప్పుడు పెట్టేయండి, న్యాయమైన కారణాలు ఉంటాయి. ప్లాజా ఉన్న చోటు మీరు ఊహించుకున్న ఊరికి అసలు కుదరకపోవచ్చు. ఎవరితోనో కలిసి మొదలుపెట్టిన ఊరు, ఇప్పుడు ఆ మనిషితో మాటల్లేవు, ఎటు చూసినా వాళ్ళు నాటిన చెట్లే, అలాంటప్పుడు అర గడి లెక్కలు చెప్పడం దండగ.

చేసేటప్పుడు మాత్రం పద్ధతిగా చేయండి. ముందు ఫొటోలు తీసుకోండి, ఊళ్ళో వాళ్ళందరినీ ప్లాజా దగ్గరకి పిలిచి ఒకటి తీసినా చాలు. ఖరీదైన సామాను, దొరకని వస్తువులు నమ్మకమైన ఫ్రెండ్ ఐలాండ్‌లో దించి రండి, కొత్త ఊళ్ళో విమానాశ్రయం తెరిచాక వెళ్ళి తెచ్చుకోవచ్చు. తర్వాత కొత్త మ్యాప్. షాపు నడిపే టిమ్మీ, టామీ నాలుగు మ్యాప్‌లు చూపిస్తారు, నచ్చకపోతే గేమ్ మూసేసి మళ్ళీ తెరిస్తే ఇంకో నాలుగు. ఇక్కడే పర్ఫెక్ట్ మ్యాప్ కోసం ఆదివారాలు మొత్తం పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. మార్చలేనివి ఏవో పైన చెప్పాను కదా, వాటిలో మీకు ముఖ్యమైనవి మూడు కాగితం మీద రాసుకోండి, ఆ మూడూ ఉన్న మొదటి మ్యాప్ తీసుకోండి. నది ఎటు తిరిగింది, కొండ ఎక్కడుంది అని చూడనే చూడకండి, అవి మీరు ఎలాగూ మారుస్తారు. ప్లాజా విమానాశ్రయానికి ఎంత దూరం, నది ఏ ఒడ్డున కలుస్తోంది, ఈ రెండూ చూసుకుంటే నా లెక్కలో చాలు, మూడోది విమానాశ్రయం రంగు అనుకున్నా అనుకోండి, మీ ఇష్టం.

కొత్తది కాకుండా పాత ఊరికే తిరిగి వెళ్తుంటే

కొందరు డిలీట్ చేయరు, ఏడాది రెండేళ్ళు తెరవరు, తర్వాత తెరవడానికి భయం. ఊరంతా పాడైపోయి ఉంటదని, అందరూ వెళ్ళిపోయి ఉంటారని, దానికంటే కొత్తది పెట్టుకోవడమే నయమని. న్యూ హొరైజన్స్‌లో మీరు సరే అనకుండా ఎవరూ ఊరు వదిలి వెళ్ళరు, పది మందీ ఉంటారు. ఎక్కడికెళ్ళావు ఇన్నాళ్ళు అని కాస్త నిష్టూరమాడతారు, అంతే. ఇంట్లో బొద్దింకలు ఉంటాయి, తొక్కేయండి. ఊరంతా కలుపు మొలిచి ఉంటది, అది ఒక పూట పని, చెవుల్లో ఏదైనా పాటలు పెట్టుకుని పీకండి. పీకినదంతా నూక్స్ క్రానీలో అమ్మొద్దు, అక్కడ ఒక్కో దానికి 10 బెల్సే. మొక్కలు అమ్మే లీఫ్ వచ్చే రోజు దాకా దాచండి, అతను 20 ఇస్తాడు.